లెపర్డ్ గెక్కోకి పెట్టె అమర్చడం: ఖాళీ గాజు పెట్టె నుంచి మొదటి నెల దాకా

తిండి మానేసింది, మూలన ముడుచుకుపోయింది, వేళ్ల మీద కుబుసం ఊడటం లేదు. పెంపుడు బల్లుల గురించి మళ్లీ మళ్లీ అడిగేవి ఇవే. జవాబు చాలాసార్లు బల్లిలో ఉండదు, పెట్టెలో ఉంటుంది. బల్లి ఒంట్లో మనకు పుట్టినట్టు వేడి పుట్టదు. తిన్న పురుగు అరగాలన్నా, జబ్బుని తట్టుకోవాలన్నా అది వెచ్చటి చోటుకి వెళ్లి ఒళ్లు కాచుకోవాలి. చాలనిపిస్తే చల్లటి చోటుకి జరగాలి. ఆ రెండు చోట్లూ పెట్టెలో అమర్చాల్సింది మనమే.

అందుకే ముందు పెట్టె, తర్వాత బల్లి. పెట్టె పూర్తయ్యి, వారం రోజులు ఖాళీగా నడిచి, వేడి, తేమ అంకెలు సరిపోయాకే బల్లిని తెచ్చుకోండి. ఇక్కడి కొలతలన్నీ లెపర్డ్ గెక్కో అనే పెంపుడు బల్లివి. బియర్డెడ్ డ్రాగన్‌కీ, ఇగువానాకీ, అంటే వేరే జాతి పెంపుడు బల్లులకి, ఇవి పనికిరావు. వాటికి ఇంకా పెద్ద పెట్టె, ఇంకా ఎక్కువ వేడి, ఇంకా ఎక్కువ యూవీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు) కావాలి.

## 1. పెట్టె కొలతలు

ఎదిగిన గెక్కో ముక్కు నుంచి తోక చివరి దాకా 20 నుంచి 25 సెం.మీ. ఉంటుంది. బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. ఒక్కదానికి 90 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న పెట్టె తీసుకోండి. 60 సెం.మీ. పెట్టెలోనూ పెంచేవాళ్లు ఉన్నారు కానీ, అంత పొట్టి పెట్టెలో దీపం ఒక చివర వెలిగితే రెండో చివర కూడా వేడెక్కుతుంది. పొడవు అడిగేది అందుకే.

ఈ బల్లి వేళ్లకి అంటుకునే మెత్తలు ఉండవు, గాజు గోడ ఎక్కలేదు. కాబట్టి ఎత్తు కన్నా నేల వైశాల్యం ముఖ్యం.

తలుపు ముందు వైపు ఉండాలి. పైనుంచి దిగే చెయ్యి దానికి గద్దలా కనిపిస్తుంది. మూత పైన ఉన్న పెట్టెల్లో బల్లి మచ్చిక కావడానికి ఎక్కువ కాలం పట్టేది అందుకే.

గాలి రంధ్రాలు చల్లటి వైపు కింద, వెచ్చటి వైపు పైన ఉంటే గాలి దానంతట అదే ఆడుతుంది. చెక్క పెట్టె అయితే లోపలి అతుకులన్నిటికీ అక్వేరియం సిలికాన్ పట్టించి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వండి. బూజు నిరోధకం కలిపిన బాత్రూం సిలికాన్ వాడొద్దు.

ఒక పెట్టెలో ఒకటే బల్లి. రెండు మగవి కలిస్తే కొట్టుకుంటాయి. రెండు ఆడవి ఒకే గూట్లో ఒకదానిమీద ఒకటి పడుకుంటే అది స్నేహం కాదు, వెచ్చటి చోటు కోసం పోటీ. అందులో బలహీనమైనది మెల్లగా చిక్కిపోతుంది.

## 2. ముందుగా సమకూర్చుకోవలసినవి

- పెట్టె, తలుపుకి తాళం లేదా గొళ్లెం
- హాలోజన్ ఫ్లడ్ బల్బు (50 లేదా 75 వాట్లు), పింగాణీ హోల్డరు, తీగ వల కాపు
- రాత్రికి అవసరమైతే సిరామిక్ హీటర్ లేదా డీప్ హీట్ ప్రొజెక్టర్ (రెండూ వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చేవి)
- థర్మోస్టాట్ (వేడి చాలగానే దీపాన్నీ హీటరునీ దానంతట అదే తగ్గించే పరికరం): హాలోజన్‌కి డిమ్మింగ్ రకం, సిరామిక్‌కి పల్స్ రకం
- ప్రోబ్ (తీగ చివర వేడిని కొలిచే మొన) ఉన్న డిజిటల్ థర్మామీటర్లు 2
- ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ 1
- డిజిటల్ తేమమీటర్ 1
- టీ5 యూవీబీ ట్యూబు (యూవీలో బీ రకం కిరణాలిచ్చే సన్న ట్యూబు లైటు, 5 నుంచి 7 శాతం రకం), రిఫ్లెక్టరు ఉన్న ఫిట్టింగు
- టైమర్
- పలక రాయి లేదా బల్లపరుపు రాయి, 3 నుంచి 5 సెం.మీ. మందం
- గూళ్లు 3, లోతు తక్కువ నీళ్ల పళ్లెం, చిన్న కాల్షియం గిన్నె
- కాల్షియం పొడి, మల్టీవిటమిన్ పొడి
- గ్రాముల్లో చూపించే వంటింటి తూకం

ఖర్చు తగ్గించుకోవాలంటే అలంకారాల్లో తగ్గించుకోండి. అట్టపెట్టెతో చేసిన గూడు బల్లికి హాయిగా సరిపోతుంది. థర్మోస్టాట్ లేని దీపం మాత్రం దాన్ని కాల్చేస్తుంది.

గోడకి అతికించే గుండ్రటి ముల్లు థర్మామీటర్లు వద్దు. అవి చూపేది గోడ దగ్గరి గాలి వేడి. బల్లి పొట్టకి తగిలే రాయి వేడి వేరు.

## 3. పెట్టె ఎక్కడ పెట్టాలి

ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర పెట్టొద్దు. మూసిన గాజు పెట్టెలో ఎండ పడితే నిమిషాల్లో ప్రాణం తీసేంత వేడి చేరుతుంది, బల్లికి తప్పించుకునే దారి ఉండదు. ఏసీ గాలి సూటిగా కొట్టే చోటు, వంటింటి పొగ తగిలే చోటు, స్పీకర్ల పక్కన కూడా వద్దు. మట్టి, రాళ్లు నింపాక పెట్టె ఒక్కరు కదపలేనంత బరువు అవుతుంది. బల్ల ఆ బరువు ఆపేదై ఉండాలి.

తీగలు సాకెట్ కన్నా కిందికి వేలాడి, మళ్లీ పైకెక్కి ప్లగ్గులోకి వెళ్లేలా సర్దండి. అప్పుడు తీగ వెంట జారిన నీటి చుక్క కిందే రాలిపోతుంది, సాకెట్లోకి పోదు.

## 4. వేడి

మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. ముందు గుర్తుంచుకోవలసిన అంకెలు (సెల్సియస్ డిగ్రీల్లో):

- దీపం కింద రాయి ఉపరితలం: 34 నుంచి 36
- వెచ్చటి గూటి లోపల: 31 నుంచి 33
- చల్లటి వైపు: 22 నుంచి 26
- రాత్రి: 20 దాకా తగ్గినా ఫరవాలేదు

దీపం బిగించడం. హాలోజన్‌ని పెట్టె పొడవులో ఒక చివరి మూడో వంతు మీదికి తెచ్చి, రాయికి 25 నుంచి 30 సెం.మీ. ఎత్తున బిగించండి. దీపం పెట్టె లోపలే ఉంటే చుట్టూ తీగ వల తప్పనిసరి. 50 వాట్లా, 75 వాట్లా అన్నది మీ గది వేడిని బట్టి ఉంటుంది. ముందు చిన్నది వేసి కొలవండి, చాలకపోతేనే పెద్దది.

రాయి. దీపం కింద పలక రాయి ఉంటే పగలంతా వేడి పీల్చుకుని, దీపం ఆరాక గంటా రెండు గంటలు మెల్లగా వదులుతుంది. గెక్కో బయట తిరిగేది సందె వేళల్లో. అప్పుడు వచ్చి ఆ రాయి మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. వెచ్చటి గూటి పైకప్పు కూడా ఇలాంటి రాయే అయితే ఒకే దీపంతో రెండు పనులు జరుగుతాయి.

థర్మోస్టాట్ ప్రోబ్. దీన్ని దీపం కింద, రాయిని తాకేలా పెట్టి, కదలకుండా తీగతోనో కేబుల్ టైతోనో కట్టండి. టేపు వద్దు. వేడికి జిగురు కరిగి టేపు ఊడుతుంది, ఊడిన టేపు బల్లి చర్మానికి అంటుకుంటుంది. దానికన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. ప్రోబ్ జారి చల్లటి వైపు పడితే, అక్కడి 24 డిగ్రీలు చూసి థర్మోస్టాట్ "ఇంకా చల్లగానే ఉంది" అనుకుని దీపాన్ని ఆపకుండా వెలిగిస్తూనే ఉంటుంది. ఇటు రాయి కాలిన పెనమవుతుంది. అందుకే రోజూ తలుపు తీయగానే మొదట ప్రోబ్ ఉన్నచోటే ఉందా అని చూడండి.

హీట్ మ్యాట్. ఇది కింద పరిచే, కరెంటుతో వేడెక్కే పలుచటి పరుపు. నేలగా పేపర్ టవల్ గానీ, పలుచటి టైల్ గానీ వేసిన పెట్టెకి పనికొస్తుంది. నేలలో మూడో వంతుకి మించి పరచొద్దు. దాని ప్రోబ్ మ్యాట్‌కి సరిగ్గా పైన ఉండాలి. పైన మందంగా మట్టి పోస్తే వేడి పైకి రాక కిందే చిక్కుకుంటుంది, అడుగు గాజు పగిలే ప్రమాదమూ ఉంది. మట్టి నేల కావాలనుకుంటే పైనుంచి వేడే సరైనది.

రాత్రి. గది 20 కన్నా చల్లబడకపోతే రాత్రి ఏ హీటరూ అక్కర్లేదు. చల్లబడితే వెలుగు ఇవ్వని సిరామిక్ వాడండి. "రాత్రి బల్బు" పేరుతో వచ్చే ఎర్ర, నీలం బల్బుల వెలుతురు దానికి కనిపిస్తుంది, పగలూ రాత్రీ తేడా పోతుంది.

ఎండాకాలం. గది వేడి పెరిగి చల్లటి వైపు 30 దాటితే దీపం ఆపేయండి, యూవీబీ ఒక్కటే నడవనివ్వండి. వేడి చాలకపోవడం కన్నా చల్లటి చోటు లేకపోవడంతోనే బల్లి త్వరగా దెబ్బతింటుంది.

కరెంటుతో వేడెక్కే కృత్రిమ రాళ్లు మాత్రం పెట్టెలోకి రానివ్వకండి. ఒక చోట మామూలుగా, పక్కనే చర్మం కాలేంతగా వేడెక్కుతాయి. పొట్ట కాలుతున్నా బల్లి వెంటనే లేవదు.

## 5. యూవీబీ వెలుతురు

గెక్కో రాత్రి జీవి కదా, యూవీబీ ఎందుకని అడుగుతారు. ఉదయం, సాయంత్రం కాసేపు ఎండలోకి తోకో కాలో చాపి పడుకునే బల్లి ఇది. ఆ కాస్త యూవీబీతోనే ఒంట్లో విటమిన్ డీ3 తయారవుతుంది, దాంతోనే కాల్షియం ఎముకకి చేరుతుంది.

ట్యూబు పెట్టె పొడవులో సగం ఉంటే చాలు. దాన్ని వెచ్చటి వైపు, హాలోజన్ పక్కనే బిగించండి. వేడీ వెలుతురూ ఒకే చోట పడాలి. చల్లటి వైపు నీడగా ఉండాలి. యూవీ కొలిచే మీటర్ దొరికితే, బల్లి వీపు ఎత్తులో యూవీ ఇండెక్స్ 0.5 నుంచి 1 మధ్య ఉందా చూసుకోండి.

- గాజు యూవీబీని ఆపేస్తుంది. ట్యూబు గాజు మూత మీద పెడితే వెలుతురు తప్ప ఏమీ లోపలికి రాదు.
- దోమతెర లాంటి సన్న వల కూడా మూడో వంతు దాకా తినేస్తుంది.
- టీ5 ట్యూబు 12 నెలలకోసారి మార్చండి. వెలుగుతున్నా యూవీబీ తగ్గిపోయి ఉంటుంది. మార్చిన తేదీ ట్యూబు చివర రాసి పెట్టండి.
- ఆల్బినో (ఒంట్లో నల్ల రంగు లేకుండా పుట్టే) రకాల కళ్లు వెలుతురుకి ఓర్వలేవు. వాటికి యూవీబీ తగ్గించి, నీడ పెంచండి.

టైమర్ వేసవిలో 12 నుంచి 14 గంటలు, చలికాలంలో 10 గంటలు.

## 6. నేల

కొత్తగా వచ్చిన బల్లికి మొదటి నెలంతా పేపర్ టవలే. మలం స్పష్టంగా కనిపిస్తుంది, పరీక్షకి తీయొచ్చు, శుభ్రం చేయడం తేలిక. పరీక్షలో పరాన్నజీవులు లేవని తేలాకే మట్టి.

మట్టికి ఎరువూ పురుగుమందూ కలపని పైమట్టి 70 వంతులు, కడిగిన సన్న ఇసుక 30 వంతులు తీసుకోండి. నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ కలపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. ఆ ముద్దని బొటనవేలితో పొడిస్తే రెండు ముక్కలుగా విరగాలి. పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చాలలేదు, వేలికి బురదలా అంటితే ఎక్కువయ్యాయి. అలా కలిసిన మట్టిని 8 నుంచి 10 సెం.మీ. మందాన పోసి, అరచేత్తో గట్టిగా అదిమి, దీపం వెలిగించి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. పైన గట్టిపడి, బల్లి తవ్వితే తవ్వుకునేలా ఉంటుంది.

బరువైన రాళ్లు మట్టి పోయక ముందే పెట్టె అడుగున ఆనించి పెట్టాలి. మట్టి మీద పెడితే బల్లి కింద తవ్వుతుంది, రాయి దిగబడి దాన్ని నలిపేస్తుంది.

వట్టి ఇసుక, "కాల్షియం ఇసుక", అక్రోటు తొక్కల పొడి వద్దు. పురుగుతో పాటు నోట్లోకి పోయి పేగులో గడ్డకడతాయి. వేడి చాలని బల్లిలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

## 7. మూడు గూళ్లు

- వెచ్చటి గూడు: దీపం కింద.
- చల్లటి గూడు: రెండో చివర. భయపడ్డ బల్లికి ఒళ్లు కాచుకోవడమా, దాక్కోవడమా అన్న సంకటం రాకుండా రెండు వైపులా గూడు ఉండాలి.
- తడి గూడు: మధ్యలో. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా పక్కన బల్లి దూరేంత కంత చేసి, అంచు గరుకుగా లేకుండా ఉప్పుకాగితంతో రుద్దండి. లోపల స్ఫాగ్నం నాచు తడిపి, పిండి, పరచండి. రెండు రోజులకోసారి తడపండి, వారానికోసారి నాచు మార్చండి.

పెట్టెలో మామూలు తేమ 30 నుంచి 40 శాతం, తడి గూట్లో 70 నుంచి 80. మొత్తం పెట్టెనే తడిగా ఉంచితే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. తడి ఒక్క గూటికే పరిమితం.

గూడు ఇరుకుగా ఉంటేనే మంచిది. వీపు పైకప్పుకి తగిలితే బల్లికి ధైర్యం.

## 8. ఖాళీ పెట్టెను వారం రోజులు నడపండి

రోజుకి మూడుసార్లు రాసుకోండి: దీపం వెలిగిన రెండు గంటలకి, మధ్యాహ్నం, దీపం ఆరే ముందు. రాయి ఉపరితలాన్ని ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో, గూళ్లనూ చల్లటి వైపునూ ప్రోబ్‌తో కొలవండి. తెల్లవారుజామున ఒకసారి అన్నిటికన్నా తక్కువ ఎంతకి పడిందో చూడండి.

- రాయి 37 దాటితే: థర్మోస్టాట్ తగ్గించండి, అప్పటికీ కాకపోతే దీపం ఎత్తండి.
- రాయి సరిగ్గా ఉండి గూడు చల్లగా ఉంటే: గూటి పైకప్పు మరీ మందం, లేదా గూడు దీపానికి పక్కగా జరిగింది.
- చల్లటి వైపు 27 దాటితే: వాట్లు ఎక్కువ, లేదా గాలి ఆడటం లేదు.
- తేమ 50 దాటి దిగకపోతే: మట్టి పోసి ఉంటే అది ఇంకా ఆరలేదు, లేదా నీళ్ల పళ్లెం దీపం కింద ఉంది.

వరసగా మూడు రోజులు అంకెలు మారకుండా నిలబడితే పెట్టె సిద్ధం.

## 9. బల్లి వచ్చాక

పెంపకంలో పుట్టిన పిల్లనే తీసుకోండి. అడవిలోంచి పట్టుకొచ్చినదాన్ని కొనకండి. కొనేముందు మీరుండే చోట వన్యప్రాణి చట్టం ఏమంటుందో కనుక్కోండి.

ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి: కళ్లు పూర్తిగా తెరిచి ఉండాలి, వేళ్లన్నీ ఉండాలి, మల ద్వారం చుట్టూ అంటుకుని ఉండకూడదు, నడిచేటప్పుడు పొట్ట నేల నుంచి లేవాలి. తోక చూడండి. గెక్కో కొవ్వు దాచుకునేది తోకలోనే. ఎదిగినదానికి తోక మొదలు దాదాపు మెడంత లావుండాలి.

మొదటి పది పద్నాలుగు రోజులు చేత్తో ముట్టుకోవద్దు. నీళ్లు మార్చడం, తిండి పెట్టడం, మలం తీయడం, అంతే. తోక పట్టి ఎప్పుడూ ఎత్తొద్దు, ఊడివస్తుంది. చెయ్యి నేల మీద ఉంచి, అది ఎక్కేదాకా ఆగండి.

మొదటి నెలలోనే తాజా మలాన్ని పశువైద్యుడి దగ్గర పరీక్ష చేయించండి. ఇంట్లో వేరే బల్లులుంటే కొత్తదాన్ని 60 నుంచి 90 రోజులు వేరే గదిలో ఉంచి, దాని పని చివర్న చేయండి.

## 10. తిండి

గెక్కో తినేది కదిలే పురుగులు మాత్రమే. పండ్లూ ఆకులూ తినదు. ఇలకోళ్లు, డూబియా బొద్దింకలు రోజువారీ తిండి. మీల్‌వార్మ్‌లు మధ్యమధ్యలో. కొవ్వు ఎక్కువున్న వ్యాక్స్‌వార్మ్‌లు ఎప్పుడైనా ఒకటి.

- పురుగు పొడవు ఎలా ఉన్నా, వెడల్పు బల్లి రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు.
- పిల్లలకి రోజూ, ఎదిగినవాటికి రెండు మూడు రోజులకోసారి.
- పురుగులకి, వాటిని బల్లికి పెట్టే ముందు 24 గంటలు క్యారెట్, ఆకుకూరలు మేపండి. ఆకలితో ఉన్న పురుగు ఖాళీ డొల్ల.
- పురుగుల్ని చిన్న డబ్బాలో చిటికెడు పొడితో వేసి ఊపండి. పిండి చల్లినట్టు పలుచగా అంటాలి.
- యూవీబీ ఉంటే డీ3 లేని కాల్షియం తరచుగా, మల్టీవిటమిన్ వారం పది రోజులకోసారి. యూవీబీ లేకపోతే డీ3 ఉన్న కాల్షియం కావాలి. డీ3 ఒంట్లో పేరుకుంటుంది, రెండు వైపుల నుంచీ ఇవ్వొద్దు.
- పావుగంటలో తినని ఇలకోళ్లను తీసేయండి. లేకపోతే అవి నిద్రపోయే బల్లిని కొరుకుతాయి.
- బయట పట్టిన పురుగులు వద్దు, పురుగుమందు తిని ఉంటాయి. మిణుగురులైతే ఒక్కటి చాలు, బల్లి చనిపోతుంది.

వారానికోసారి తూచి రాసుకోండి. కంటికి తెలియని చిక్కడం గ్రాముల్లో తెలుస్తుంది.

## 11. శుభ్రం

రోజూ మలం, చచ్చిన పురుగులు తీసి, నీళ్లు మార్చండి. వారానికోసారి పళ్లెం, గిన్నె సబ్బుతో కడగండి. గెక్కో సాధారణంగా ఒకే మూల మలం వేస్తుంది, అక్కడ చిన్న టైల్ పెడితే పని సగమవుతుంది.

ఫినాయిల్ వాడొద్దు. అలాంటి ఫినాల్ మందులు సరీసృపాలకి విషం. పలుచన చేసిన క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచి, నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే బల్లిని తిరిగి పెట్టండి.

ఆరోగ్యంగా ఉన్న బల్లి మలంలోనూ సాల్మొనెల్లా ఉండొచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. పళ్లాలు వంటింటి సింకులో కడగొద్దు. అయిదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు బల్లికి దూరంగా ఉండటం మేలు.

## 12. తేడా వచ్చినప్పుడు

వేలికి కుబుసం చిక్కుకుంటే. కుబుసం విడిచిన ప్రతిసారీ ఇరవై వేళ్లూ చూడండి. వేలి చివర తెల్లటి ఉంగరంలా సన్నటి పొర మిగులుతుంది. పాత ఉంగరం మీద కొత్తది చేరి బిగుసుకుంటుంది, రక్తం అందక వేలు నల్లబడి రాలిపోతుంది. 30 డిగ్రీల నీళ్లు వేళ్లు మునిగేంత పోసి, మూతకి కంతలున్న డబ్బాలో 15 నిమిషాలు నిలబెట్టండి, దగ్గరే ఉండండి. తర్వాత తడి దూదిపుల్లతో వేలి మొదలు నుంచి చివరికి మెల్లగా దొర్లించండి. రాకపోతే లాగొద్దు, మర్నాడు మళ్లీ. తడి గూట్లో నాచు ఎండిపోయిందేమో చూడండి.

తిండి మానేస్తే. ముందు రాయి వేడి కొలవండి. 30 దగ్గర ఉంటే కారణం అదే. కుబుసం ముందు రంగు వెలిసి, ఒకటి రెండు రోజులు తినకపోవడం మామూలే. తోక లావుగా ఉన్న పెద్ద బల్లి వారం తినకపోయినా కంగారు లేదు. పిల్ల మూడు నాలుగు రోజులు మానేస్తే ఆగొద్దు, డాక్టరుకి చూపించండి.

తోక ఊడితే. మట్టి, నాచు తీసేసి పేపర్ టవల్ వేయండి, తిండి కాస్త పెంచండి. పుండు ఆరి, పొట్టి ఉబ్బిన తోక మళ్లీ వస్తుంది.

కరెంటు పోతే. పెట్టెను దుప్పటితో చుట్టండి, గాలి రంధ్రాలు కొన్ని వదలండి. ఒళ్లు చల్లబడి ఉన్నంతసేపు తిండి పెట్టొద్దు, కడుపులో పురుగు అరగక కుళ్లుతుంది.

## 13. వెంటనే డాక్టరు దగ్గరికి

- దవడ మెత్తబడటం, కాళ్లు వంకరపోవడం, వణుకు: కాల్షియం లోపం
- నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ముక్కులో నురగ
- తోక వారాల్లోనే పుల్లలా సన్నబడటం
- మల ద్వారం నుంచి ఎర్రటి కండ బయటికి రావడం: తడి గుడ్డ కప్పి, ఆరనివ్వకుండా తీసుకెళ్లండి
- పొట్ట ఉబ్బి, రెండు వారాలుగా మలం లేకపోవడం
- కాలిన గాయం, మూసుకుపోయిన కన్ను

సరీసృపాల్ని చూసే పశువైద్యుడు మీ దగ్గరలో ఎవరున్నారో బల్లిని తెచ్చుకోక ముందే కనుక్కుని పెట్టుకోండి. వెళ్లేటప్పుడు తాజా మలం, బరువుల పుస్తకం, వేడి కొలతలు, పెట్టె ఫొటో తీసుకెళ్లండి. ప్రయాణంలో బల్లిని కంతలున్న చిన్న డబ్బాలో, మడిచిన పేపర్ టవల్ మీద పెట్టండి. డబ్బాలో 25 నుంచి 28 డిగ్రీలు ఉంటే చాలు. వేడి నీళ్ల సీసా పెట్టాల్సి వస్తే గుడ్డ చుట్టి డబ్బాకి బయట ఆనించండి, లోపల వద్దు.